ఫ్లీ పురుగుల ఆహారనాళంలోని ఏకకణ పరాన్నజీవులు: సూక్ష్మనిర్మాణం, ఇచ్చోడ ప్రాంత పశుపోషణలో దాని ప్రయోజనం

నిర్మల్ నుండి ఆదిలాబాద్‌కు పోయే 44వ జాతీయ రహదారిపై ఉన్న ఇచ్చోడ మండలంలో, దాని చుట్టుపట్ల గోండు గూడేలలో, లంబాడా తండాలలో మేకల కొట్టం, ధాన్యపు గుమ్మి, కాపలా కుక్క ఒకే వాకిటిలో ఉండటం సాధారణం. కుక్క ఒంటిమీది పురుగు మేకకు, గుమ్మి కింది ఎలుక మీది పురుగు మనిషికి చేరడానికి నాలుగడుగుల దూరం చాలు. ఈ పురుగులలో ఫ్లీ ఒకటి. రైతులు దీనిని పేను అనో, గోమారి అనో పిలిచి ఊరుకుంటారు. నిజానికి ఇది ఆ రెండూ కాదు. పేను దూకలేదు, గోమారికి ఎనిమిది కాళ్లు. ఫ్లీ ఆరు కాళ్ల కీటకం. రెక్కలు లేవు. శరీరం ఇరుపక్కల నుండి నొక్కినట్లు పలుచగా ఉండి, వెంట్రుకల సందులలో సులువుగా జారిపోతుంది. వెనుక కాళ్లతో దూకుతుంది.

ఫ్లీని గురించి మన పశువైద్య పాఠాలలో చెప్పేది ఎక్కువగా దురద, రక్తహీనత, కుక్కలలో బద్దెపురుగు వ్యాప్తి. ఎలుక ఫ్లీ అనగానే ప్లేగు జ్ఞప్తికి వస్తుంది. అది బాక్టీరియా వలన కలిగే వ్యాధి. కాని ఫ్లీ పొట్టను కోసి సూక్ష్మదర్శిని కింద ఉంచినప్పుడు కనిపించే జీవులలో బాక్టీరియా కానివి, ఒకే కణంతో బ్రతికేవి అనేకం ఉన్నవి. వీటిలో కొన్ని ఫ్లీకి మాత్రమే సంబంధించినవి, కొన్ని ఎలుకకు చేరేవి. అరుదుగా మనిషిలో కనిపించినవీ కలవు. ఏది ఏదో గుర్తించలేకపోతే భయపడవలసిన చోట ఊరుకోవడం, ఊరుకోవలసిన చోట భయపడటం జరుగుతుంది. ఆ తేడాను పట్టి ఇచ్చేది కణనిర్మాణమే కనుక, దానిని ఈ వ్యాసంలో కొంత వివరంగా చెప్పడమైనది.

పురుగు పొట్టగోడలో పరాన్నజీవిని వెతకడం తెలంగాణ నేలకు కొత్త కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదు బేగంపేటలో రొనాల్డ్ రాస్ మలేరియా పరాన్నజీవిని చూసినది దోమ పొట్టగోడపైనే. ఆయన వాడినది నేటి ఏ జూనియర్ కళాశాలలోనైనా దొరికే స్థాయి సూక్ష్మదర్శిని.

ఫ్లీ ఆహారనాళం

కుక్క, పిల్లి, మేకల మీద కనిపించే టీనోసెఫాలైడిస్ ప్రజాతి ఫ్లీకి తల కింద ఒకటి, మెడ వెనుక ఒకటి చొప్పున దువ్వెన పండ్ల వంటి ముండ్ల వరుసలు ఉంటాయి. ఎలుక మీది జెనోప్సిల్లా కియోపిస్‌కు ఈ దువ్వెనలు లేవు. పొట్ట కోయకముందే ఈ తేడా చూసి రాసుకోవడం అవసరం. ఆ తరువాత కనిపించే జీవి ఏదై ఉండవచ్చునో సగం ఇక్కడే తేలిపోతుంది.

నోటి నుండి వచ్చే సన్నని అన్నవాహిక ఒక చిన్న అంతరజఠరంలోకి తెరుచుకుంటుంది. దాని లోపలి గోడపై సూదుల వంటి ముళ్లు ఒత్తుగా ఉంటాయి. ప్లేగు బాక్టీరియా గడ్డకట్టి దారి మూసివేసేది ఈ ముళ్ల మధ్యనే. దాని వెనుక సంచివలె సాగే మధ్యాహారనాళం. రక్తం నిలిచి జీర్ణమయ్యేది ఇక్కడ. మధ్య, అంత్యాహారనాళాలు కలిసే చోట నాలుగు మాల్పీజియన్ నాళికలు, చివర పురీషనాళంలో ఆరు మెత్తలు ఉంటాయి. అనేక రక్తాహార కీటకాలలో తిన్న రక్తం చుట్టూ ఏర్పడే పలుచని పొర పెరిగిన ఫ్లీలో ఏర్పడదు. అందువలన రక్తంతోపాటు వచ్చిన పరాన్నజీవికి పొట్టగోడ కణాలు నేరుగా అందుతాయి. ఈ చిన్న విషయం తరువాత వచ్చే ట్రిపనోసోమా కథకు ఆధారం.

ఆడ ఫ్లీ రోజుకు తన బరువుకు పదిహేను రెట్ల వరకు రక్తం తాగగలదు. అంత రక్తాన్ని పూర్తిగా జీర్ణించుకోలేక చాలా భాగాన్ని విసర్జిస్తుంది. కుక్క వెంట్రుకలలో నల్లని రవ్వగా కనిపించేది అదే. తడిపిన తెల్ల కాగితంపై రాలిస్తే ఎర్రగా కరుగుతుంది. ఆ ఎండిన రక్తమే కొట్టపు మట్టిలో పెరిగే డింభకాలకు ఆహారం. డింభకానికి కాళ్లు లేవు, రక్తం పీల్చే ముక్కు లేదు. కొరికి తినే నోరు మాత్రం ఉన్నది. పెరిగిన ఫ్లీ కేవలం రక్తం తాగుతుంది, డింభకం దుమ్మును, మలాన్ని, రాలిన పొట్టును తింటుంది. ఏ పరాన్నజీవి ఏ దశలో ఎలా లోపలికి వస్తుందో ఈ భేదం నిర్ణయిస్తుంది.

గ్రెగరైన్లు

ఫ్లీ పొట్టలోని ఏకకణ జీవులలో కంటికి తొందరగా చిక్కేవి గ్రెగరైన్లు. నూరు రెట్ల పెద్దదనంలోనే తెల్లని, గింజ వంటి, మెల్లగా జారే జీవులుగా కనిపిస్తాయి. 1828లో లియోన్ డ్యుఫూర్ పెట్టిన గ్రెగరైనా అనే పేరుకు మూలం లాటిన్‌లో మంద అనే అర్థమిచ్చే మాట. గుంపులుగా కనిపిస్తాయి కనుక మేకల ఊరిలో వీటికి ఆ పేరు చక్కగా నప్పుతుంది. కుక్క ఫ్లీలోని గ్రెగరైన్‌ను 1909లో రాస్ వర్ణించినాడు. నేడు దాని పేరు స్టైనినా టీనోసెఫాలి. ఈయన ఇ. హెచ్. రాస్. ఇంటిపేరు ఒకటే కావడం చేత ఈ పనిని సికింద్రాబాదు రాస్‌కు అంటగట్టరాదు.

పెరిగిన గ్రెగరైన్ కణం మూడు భాగాలుగా కనిపిస్తుంది. ముందు చివర కొక్కెం లేదా బొడిపె వంటి ఎపిమెరైట్. దాని వెనుక చిన్న ప్రోటోమెరైట్. ఆ తరువాత పెద్దదైన డ్యూటోమెరైట్. చివరి రెండింటి మధ్య సన్నని పోగులతో ఏర్పడిన అడ్డుతెర ఉంటుంది. మూడు గదులున్నట్లు కనిపించినా కణం ఒక్కటే, కేంద్రకం కూడా ఒక్కటే. అది డ్యూటోమెరైట్‌లో, స్పష్టమైన కేంద్రకాంశంతో, పారదర్శకమైన గుండ్రని మచ్చగా ఉంటుంది. మిగిలిన కణద్రవ్యమంతా రేణువులతో నిండి చీకటిగా ఉంటుంది. ఆ రేణువులు అమైలోపెక్టిన్, అనగా పిండిపదార్థపు నిల్వ. గాజుపలకపై ఒక చుక్క అయోడిన్ ద్రావణం వేస్తే కణం గోధుమ ఎరుపు రంగుకు తిరుగుతుంది. చవకైనది, నమ్మదగినది అయిన ఈ పరీక్షను విద్యార్థుల చేత మొదటి రోజే చేయించవచ్చు.

ఎపిమెరైట్ పొట్టగోడ కణాల మధ్య దూరి పరాన్నజీవిని అంటిపెట్టి ఉంచుతుంది. కణం పక్వమైనప్పుడు అది ఊడిపోతుంది. కాబట్టి పొట్ట మధ్యలో స్వేచ్ఛగా జారే కణానికి ఎపిమెరైట్ లేకపోవడం చూసి వేరే జాతి అనుకోవడం తరచుగా జరిగే తప్పు.

ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో గ్రెగరైన్ పైపొరను చూడటం ఒక అనుభవం. కణం పొడవునా, దున్నిన చేను సాళ్లవలె, సన్నని మడతలు వందల సంఖ్యలో సమాంతరంగా సాగుతాయి. ప్రతి మడతకు కోత తీసి చూస్తే మూడు త్వచాలు కనిపిస్తాయి. అన్నిటికన్నా వెలుపలిది కణత్వచం. దాని కింద రెండు త్వచాలు చదునైన సంచులుగా పరుచుకొని ఉంటాయి. వాటి లోపలి వైపున చిక్కని పలుచని పొర ఒకటి. మడత కొనలో సుమారు 12 నానోమీటర్ల మందం గల పోగులు వరుసగా ఉంటాయి. మడతల మధ్య లోయలలో అక్కడక్కడ సూక్ష్మరంధ్రాలు ఉంటాయి. ఈ మడతల వలన కణపు ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆకారం మారకుండా, కాళ్లు గాని కశాభం గాని లేకుండా గ్రెగరైన్ జారిపోవడానికి ఈ పొర కిందనున్న ఆక్టిన్, మయోసిన్ ప్రోటీన్లు కారణమని భావిస్తారు. మలేరియా పరాన్నజీవి స్పోరోజాయిట్ దోమ నుండి మనిషిలోకి వచ్చిన తరువాత చర్మంలో జారే తీరుకూ మూలసూత్రం ఇటువంటిదే. రెండూ ఎపికాంప్లెక్సా వర్గానికి చెందినవి.

ఆ చుట్టరికం గ్రెగరైన్ స్పోరోజాయిట్ ముందు కొనలో మరింత స్పష్టం. సూక్ష్మనాళికలు చుట్టుకొన్న కోనాయిడ్ అనే చిన్న శంకువు, ధ్రువవలయాలు, సీసా ఆకారపు రోప్ట్రీలు, మైక్రోనీములు అన్నీ అక్కడ ఉంటాయి. అతిథేయి కణానికి అతుక్కొనే సాధనాలివి.

జీవితచక్రాన్ని క్లుప్తంగా చెప్పవచ్చును. పక్వమైన రెండు కణాలు జతకూడి ఒకే కోశంలో చేరతాయి. కొన్ని గ్రెగరైన్లు బహుముందుగానే ఒకదాని వెనుక ఒకటి గొలుసు కట్టి తిరుగుతాయి. స్టైనినా కుటుంబంలో మాత్రం కోశం కట్టే వేళకే ఈ కలయిక. కోశంలో సంయోగబీజాలు ఏర్పడి, కలిసి, గట్టి గోడ గల ఊసిస్టులు తయారవుతాయి. ఒక్కొక్క ఊసిస్టులో ఎనిమిది స్పోరోజాయిట్లు ఉంటాయి. ఇవి మలంతో మట్టిలో చేరితే డింభకం వాటిని తింటుంది. రక్తం మాత్రమే తాగే పెరిగిన ఫ్లీకి మట్టిలోని ఊసిస్టు అందే అవకాశం లేదు.

గ్రెగరైన్ మేకకు, కుక్కకు, మనిషికి సోకదు. ఫ్లీని చంపే జీవనియంత్రణ సాధనంగా దీనిని వాడవచ్చునా అని విద్యార్థులు అడుగుతుంటారు. గ్రెగరైన్లు సాధారణంగా అతిథేయిని బలహీనపరుస్తాయే గాని తుడిచిపెట్టవు. ఆ ఆశతో కొట్టపు శుభ్రతను వాయిదా వేయడం తగదు.

అయితే పశుపోషకునికి గ్రెగరైన్ పాఠం వృథా కాదు. లేగదూడలలో పుట్టిన మొదటి వారాలలో పారుడు కలిగించే క్రిప్టోస్పోరిడియం, జన్యుక్రమాలను బట్టి చూస్తే, గ్రెగరైన్లకు దగ్గరి బంధువు. పేగు కణంలోకి పూర్తిగా దిగకుండా, దాని పైత్వచం కప్పుకొని, కణద్రవ్యానికి వెలుపలే ఉండి, అడుగున ఒక ప్రత్యేకమైన అతుకు ద్వారా ఆహారం తీసుకోవడం దాని పద్ధతి. ఎపిమెరైట్‌ను ఒకసారి చూసినవారికి ఆ అతుకు కొత్తగా తోచదు. దూడ పేడలో దాని ఊసిస్టు 4 నుండి 6 మైక్రాన్లు మాత్రమే. మామూలు గాజుపలకపై ఈస్టు కణమనుకొని వదిలివేయడం సులభం. ఆమ్లస్థిర రంజనంలో ఎర్రగా తేలుతుంది. ఇది మనుషులకు కూడా సోకుతుంది కనుక పారుడు దూడను సాకే వారు చేతులు కడుగుకోవాలని చెప్పడం పశువైద్యుని విధి.

ఎలుక ఫ్లీలోని ట్రిపనోసోమా

గుమ్మి కింది ఎలుకల రక్తంలో ట్రిపనోసోమా లెవిసై ఉండవచ్చు. కలకత్తాలో తిమోతీ లెవిస్ ఎలుక రక్తంలో దీనిని చూసి 1878లో ప్రచురించగా, 1880లో సావిల్ కెంట్ ఆయన పేరు పెట్టినాడు. ఫ్లీలో దీని జీవితాన్ని మించిన్, థామ్సన్ 1915లో సవివరంగా వర్ణించినారు. శతాబ్దం దాటినా ఆ బొమ్మలకు ఇంకా పాతదనం రాలేదు.

రక్తంలోని రూపం సన్నని, కొనదేలిన, కొద్దిగా వంగిన కణం; పొడవు సుమారు 25 నుండి 35 మైక్రాన్లు. వెనుక కొనకు కొంచెం ముందుగా ముదురు రంగు తీసుకొనే చుక్క కనిపిస్తుంది, అది కైనెటోప్లాస్ట్. దాని చెంత మొదలైన కశాభం శరీరం వెంట తరంగిత త్వచాన్ని లేపుతూ ముందుకు సాగి స్వేచ్ఛగా ముగుస్తుంది. కణత్వచం కింద సూక్ష్మనాళికలు, గుమ్మి చుట్టూ అల్లిన వెదురు బద్దలవలె, వరుసగా పేర్చి ఉంటాయి. కణానికి ఆకారాన్ని నిలిపేది ఆ అల్లికే. కశాభంలో తొమ్మిది జతలు, మధ్య రెండు సూక్ష్మనాళికలతోపాటు ఒక అదనపు కడ్డీ ఉంటుంది. మైటోకాండ్రియన్ ఒక్కటే, కణం పొడవునా సాగి ఉంటుంది. కైనెటోప్లాస్ట్ అంటే ఆ మైటోకాండ్రియన్‌లోని డి.ఎన్.ఏ. కుప్ప: వేల సంఖ్యలో చిన్న వలయాలు, పదుల సంఖ్యలో పెద్ద వలయాలు ఒకదానిలో ఒకటి చిక్కుకొని ఉన్న వల.

ఫ్లీ ఎలుక రక్తం తాగినప్పుడు ఈ కణాలు మధ్యాహారనాళపు గోడ కణాలలోకి చొచ్చుకుపోతాయి. ముందు చెప్పినట్లు అడ్డుపొర లేదు. లోపల గుండ్రంగా ముడుచుకొని విభజన చెంది, కణాన్ని పగులగొట్టుకొని బయటపడతాయి. తరువాత అంత్యాహారనాళానికి, పురీషనాళానికి చేరి ఎపిమాస్టిగోట్ రూపం ధరిస్తాయి. అప్పుడు కైనెటోప్లాస్ట్ కేంద్రకం ముందుకు జరుగుతుంది. కశాభం పొట్టిదై, దాని కొన వెడల్పయి, గోడకు అతుక్కుంటుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో ఆ అతుకు చోట కశాభపు త్వచం కింద చిక్కని పదార్థం పలకవలె పేరుకొని కనిపిస్తుంది. రక్తం ప్రవాహంలా వచ్చి పోయే నాళంలో కొట్టుకుపోకుండా నిలువడానికి ఈ లంగరు. సుమారు అయిదారు రోజులకు ఎలుకకు సోకగల చిన్న రూపాలు మలంలో వెలువడతాయి. ఫ్లీ కుట్టడం వలన ఎలుకకు ఇది సోకదు. ఒళ్లు నాకినప్పుడు ఫ్లీనో దాని మలాన్నో మింగడం వలన సోకుతుంది.

ఎలుక రక్తంలో ఇవి సుమారు 10 రోజులు విభజన చెంది, ఆ తరువాత ఆగిపోతాయి. విభజనను ఆపే ప్రతిరక్షకానికి టాలియాఫెర్రో అబ్లాస్టిన్ అని పేరు పెట్టినాడు. ఎలుకకు పెద్ద జబ్బేమీ కనిపించదు.

ఇక మన ప్రాంతానికి ఇందులో పట్టింపు ఏమిటి? పెన్‌గంగ ఆవలి మహారాష్ట్రలో, ఆదిలాబాద్‌కు పొరుగున ఉన్న చంద్రపూర్ జిల్లాకు చెందిన ఒక రైతు రక్తంలో 2004లో ట్రిపనోసోమా కనిపించింది. 2005లో ప్రచురితమైన ఆ నివేదికలో అది పశువులలో సర్రా కలిగించే ట్రిపనోసోమా ఇవాన్సై అని తేలింది. సురామిన్‌తో చికిత్స జరిగింది. మనుషుల రక్తంలో ట్రిపనోసోమాలను చంపే అపోఎల్1 అనే ప్రోటీన్ ఆయనలో లేదని మరుసటి ఏట మరొక పరిశోధన తెలిపింది. భారతదేశంలో శిశువుల రక్తంలో లెవిసై లేదా దానిని పోలిన జీవి కనిపించిన సందర్భాలు కూడా ప్రచురితమైనవి. పైగా లెవిసై ఆరోగ్యవంతుని రక్తంలోని అపోఎల్1కు సైతం లొంగదని ప్రయోగశాల పరిశోధనలలో తేలింది. కాబట్టి జ్వరపీడితుని రక్తపు గాజుపలకపై ట్రిపనోసోమా కనిపిస్తే, అది ఎద్దు నుండి జోరీగ మోసుకొచ్చినదా, ఎలుక ఫ్లీ మలం నుండి వచ్చినదా అన్నది వట్టి పాండిత్య ప్రశ్న కాదు. మొదటిదైతే పశువులకు రక్తపరీక్ష జరపాలి. రెండవదైతే ఇంట్లో ఎలుకల సంగతి చూడాలి.

నిర్మాణంలో తేడా ఉన్నది. ఇవాన్సైకి కైనెటోప్లాస్ట్ చాలా చిన్నది, కొన్ని కణాలలో అసలే కనిపించదు. కేంద్రకం కణం మధ్యలో ఉంటుంది. తరంగిత త్వచం బాగా మడతలు పడి ఉంటుంది. లెవిసైకి కైనెటోప్లాస్ట్ పెద్దది, కోలగా ఉంటుంది. కేంద్రకం కణపు ముందు సగంలో ఉంటుంది. వెనుక కొన సూదిగా సాగుతుంది. ఈ తేడాకు మూలం కూడా తెలిసినదే. ఇవాన్సై తన కైనెటోప్లాస్ట్‌లోని పెద్ద వలయాలను కోల్పోయింది. వాటిపై ఉన్న జన్యువులు లేక కీటకపు పొట్టలో పెరుగలేదు. అందుకే జోరీగ దానిని మూతికి అంటిన రక్తంతో ఒక పశువు నుండి మరొక పశువుకు మోసుకుపోవడం తప్ప, ఈగ లోపల దానికి జీవితం లేదు. లెవిసైకి ఆ వల చెక్కుచెదరకుండా ఉన్నది. ఫ్లీ పొట్ట దానికి రెండవ ఇల్లు.

పొరపాటుకు తావిచ్చే కశాభజీవులు

కుక్క ఫ్లీ అంత్యాహారనాళంలో మరొక కశాభజీవి కూడా కనిపిస్తుంది. ఇది ఫ్లీలోనే పుట్టి ఫ్లీలోనే గడిచిపోయే లెప్టోమోనాస్ రకం. కైనెటోప్లాస్ట్ కేంద్రకానికి చాలా ముందుగా ఉంటుంది. తరంగిత త్వచం లేదు. కశాభం ముందు కొన నుండి నేరుగా బయటికి పోతుంది. ఈ రూపాన్ని ప్రోమాస్టిగోట్ అంటారు. కాలా అజార్ వ్యాధిని కలిగించే లీష్మానియా కూడా తన వాహకంలో ఇదే రూపంలో ఉంటుంది. చిక్కంతా ఇక్కడే.

1910 ప్రాంతంలో ఇటలీలో బాసిలే, కుక్కల నుండి కాలా అజార్‌ను ఫ్లీ వ్యాపింపజేస్తున్నదని ప్రకటించినాడు. ఫ్లీకి సహజంగా ఉన్న కశాభజీవులనే ఆయన లీష్మానియాగా భావించి ఉండవచ్చునన్న విమర్శ వచ్చింది. అంతకుముందే 1907లో మద్రాసులో ప్యాటన్ నల్లిలో లీష్మానియా పెరుగుదలను చూసి, నల్లియే వాహకమని తలచినాడు. చివరకు 1942లో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ ఇసుక ఈగ కాటు ద్వారా వ్యాధి సంక్రమణను నిరూపించేదాకా ఈ తర్జనభర్జన సాగింది. ప్యాటన్ అజాగ్రత్తపరుడు కాడు. ఆయన చిత్రాలు చక్కనివి. పురుగు పొట్టలో జీవి పెరగడం వేరు, ఆ పురుగు దానిని మరొకరికి చేరవేయడం వేరు. ఒక గాజుపలకలో ఈ రెండవది కనిపించదు.

సిద్ధబీజాల రకం

ఫ్లీ పొట్టగోడ కణాల లోపల దాగి ఉండే నొల్లేరియా ప్యూలిసిస్‌ను 1990లో పిల్లి ఫ్లీ నుండి వర్ణించినారు. ఇది మైక్రోస్పోరిడియా వర్గానికి చెందినది. ఈ వర్గాన్ని పూర్వం ఏకకణ జంతువులలో చేర్చినా, నేడు శిలీంధ్రాలకు చేరువగా ఉంచుతారు. సిద్ధబీజంలో చుట్టగా చుట్టిన ధ్రువతంతువు ఉండి, అదను వచ్చినప్పుడు బయటికి విసురుకొని, దాని గొట్టం గుండా లోపలి పదార్థం అతిథేయి కణంలోకి ప్రవేశిస్తుంది. ఉమ్మడి ఆదిలాబాద్‌లో చెన్నూరు వైపు దసలి పట్టు పెంచే రైతులు ఈ వర్గాన్ని మరొక పేరుతో ఎరుగుదురు: పెబ్రిన్. తల్లి చిలుకను నూరి, ద్రవాన్ని సూక్ష్మదర్శినిలో చూసి, మెరిసే కోల సిద్ధబీజాలుంటే గుడ్లను నాశనం చేసే పద్ధతి పాశ్చర్ కాలం నుండి వస్తున్నది. ఆ పరీక్షకు అలవాటుపడిన కన్ను ఫ్లీలో నొల్లేరియాను వెతకడానికి కూడా పనికివస్తుంది. దీని సిద్ధబీజాలు గుండ్రంగా ఉంటాయని మాత్రం గుర్తుంచుకోవాలి.

పరీక్షించే విధానం

సన్న పండ్ల దువ్వెనతో కుక్కను దువ్వి, ఫ్లీలను తడి దూది ఉన్న గాజుగొట్టంలో బ్రతికించి తేవాలి. సారాయంలో వేసిన ఫ్లీ జాతి గుర్తింపునకు సరిపోతుంది గాని, లోపలి జీవుల కదలిక పోతుంది. ఎలుకల నుండి సేకరించేటప్పుడు చేతితొడుగులు తప్పనిసరి. గాజుపలకపై 0.7 శాతం ఉప్పునీటి చుక్కలో ఫ్లీని ఉంచి, ఒక సూదితో రొమ్మును అదిమి, మరొక దానితో పొట్ట చివరి ఖండాలను మెల్లగా లాగితే ఆహారనాళం బయటికి వస్తుంది. రక్తం తాగిన వెంటనే కోస్తే నాళం పగిలి అంతా ఎర్రబారుతుంది. ఒక పూట ఆగడం మేలు. మధ్య, అంత్య భాగాలను వేరువేరు పలకలపై ఉంచాలి. ఏ భాగంలో దొరికిందో తెలియని కశాభజీవికి పేరు పెట్టడం కష్టం.

ముందుగా తడి పలకను నూరు రెట్లలో, తరువాత నాలుగు వందల రెట్లలో చూడాలి. గ్రెగరైన్లు జారుతాయి, కశాభజీవులు మెలికలు తిరుగుతాయి. ఆ తరువాత ఆరబెట్టి, మిథనాల్‌తో స్థిరపరచి, గీమ్సా రంజనం వేసి, నూనె కటకంలో కేంద్రకం, కైనెటోప్లాస్ట్‌ల స్థానాలను గీసి ఉంచుకోవాలి. ఫొటో తీసినా చేతి చిత్రం మానరాదని ఈ రచయిత అభిప్రాయం. గీసేటప్పుడే కైనెటోప్లాస్ట్ కేంద్రకానికి ముందున్నదా వెనుకనున్నదా అని కన్ను నిజంగా చూస్తుంది. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి పంపదలచితే తీసిన నాళాన్ని వెంటనే చల్లని 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో వేయాలి. ఇచ్చోడ నుండి హైదరాబాదు దాకా ఎండలో తెచ్చిన నాళంలో త్వచాలు ముందే చెదిరిపోయి ఉంటాయి.

ఫ్లీ పొట్టలో తెల్లని, కదలని, గుండ్రని పెద్ద వస్తువు కనిపించి, అది నాళంలో కాక శరీరకుహరంలో ఉన్నట్లయితే, అది కుక్క బద్దెపురుగు డింభకం కావచ్చు. అందులో చాలా కణాలు ఉంటాయి, అయోడిన్‌కు గ్రెగరైన్‌లా నిండుగా రంగు తీసుకోదు. అటువంటి ఫ్లీ దొరికిన ఇంట్లో కుక్కకు బద్దెపురుగుల మందు వేయించి, పిల్లలను దానితో ఒకే చాపపై పడుకోనివ్వవద్దని చెప్పాలి. కొట్టంలోని పెంటను ఎత్తి నేలను ఎండకు ఆరబెట్టడం డింభకాలను తగ్గిస్తుంది. అవి చీకటినీ తేమనూ కోరుతాయి. ఎత్తిన పెంటపై నుండి ఒక చెంచాడు దుమ్మును గాజుసీసాలో తెచ్చి చూస్తే, డింభకాలతోపాటు గ్రెగరైన్ ఊసిస్టులు కూడా తరగతి గదికి దొరుకుతాయి.